ఈ దవడ ఎవరిది?

శనివారం పొద్దున శేషగిరి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. గారెలు తినాలి, ఆద్యని పళ్ళ డాక్టరుకి చూపించాలి, వచ్చేటప్పుడు ఇండియన్ స్టోర్లో కరివేపాకు, కొబ్బరికాయ తీసుకోవాలి, భోంచేసి ఒక కునుకు తీయాలి. అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో శనివారం నుంచి ఇంతకంటే ఎక్కువ ఎవరూ ఆశించరు. అయితే శేషగిరి ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాడు. ఒక్క మాత్ర అంచు చిట్లితే చాలు, అది ఎక్కడ చిట్లింది, ఎందుకు చిట్లింది, ఎవరి వల్ల చిట్లింది అని మూలం దొరికేదాకా తవ్వుతూ పోవడం అతని ఉద్యోగం. ఆ గుణానికి ఆఫీసులో అవార్డులు వచ్చాయి. ఇంట్లో ఇంకా రాలేదు.

గారెలు వేస్తున్నది అత్తగారు కృష్ణకుమారి. ఆర్నెల్లుండి పోదామని వచ్చింది. కూతురి పెళ్ళయి పదేళ్ళు దాటినా ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడదు. అది కోపం కాదు, మర్యాద. అల్లుడికి చెప్పాల్సినవన్నీ కూతురికో, మనవరాలికో, మరీ ఎవరూ లేకపోతే పొయ్యి మీది మూకుడుకో చెబుతుంది.

"ఆద్యా, మీ నాన్నగారికి ఇంకో రెండు వెయ్యమంటారేమో అడుగమ్మా."

"నాన్నా, అమ్మమ్మ ఈజ్ ఆస్కింగ్, ఇంకో టూ కావాలా?"

"కావాలని చెప్పు" అన్నాడు శేషగిరి, రెండడుగుల దూరంలో కూర్చుని.

తండ్రీ కూతుళ్ళిద్దరూ మెడ ఒక పక్కకి వాల్చి, పక్క పళ్ళతో గారె కొరుకుతున్నారు. కృష్ణకుమారి ఆ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏదో అనబోయి, మళ్ళీ మూకుడు వైపు తిరిగిపోయింది.

ఆద్యకి ఎనిమిదేళ్ళు. నవ్వితే కింది పళ్ళు పై పళ్ళకంటే ముందుకొస్తాయి. చాలాకాలం ఆ సంగతి ఎవరికీ పట్టలేదు, దానికీ పట్టలేదు. స్కూల్లో సాన్వి అనే స్నేహితురాలు, పాపం దురుద్దేశమేమీ లేకుండానే, "నీ కింది పళ్ళు బయటికి ఎందుకున్నాయి?" అని అడిగింది. ఆరోజు నుంచి ఆద్య నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటోంది. వచ్చే గురువారం స్కూల్లో ఫోటోలు తీస్తారు. తను నవ్వనని ముందే చెప్పేసింది. కిందటేడు ఫోటోలో పకపకా నవ్విన పిల్ల అలా అనేసరికి వాళ్ళమ్మ రాధారాణి ఆ పాత ఫోటో తీసి మళ్ళీ మళ్ళీ చూసుకుంది. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు అందుకే.

డాక్టర్ రియా ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. తెలుగు ఒక్కో మాటే ఏరుకుంటూ మాట్లాడుతుంది గానీ, మాట్లాడక మానదు. ఆద్య నోట్లో లైటు వేసి చూసి, "గుడ్ టీత్!" అని మెచ్చుకుని, రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి బోర్లించి చూపించింది.

"చూడండి అంకుల్. మేము వెనక ఉన్న పెద్ద పళ్ళు చూస్తాము. పైది, కిందిది ఎట్ల కూర్చున్నాయి అని. కరెక్ట్‌గా కూర్చుంటే క్లాస్ వన్. కింద దవడ వెనక్కి పోతే క్లాస్ టూ. కింద దవడ ముందుకి వస్తే క్లాస్ త్రీ. ఆద్య క్లాస్ త్రీ."

ఆ అమ్మాయి తనని అంకుల్ అన్నందుకు శేషగిరి మనసు కాస్త నొచ్చుకుంది. కృష్ణకుమారి మాత్రం ఠక్కున అందుకుంది. "అంటే మూత డబ్బా మీద కూర్చోకుండా, డబ్బాలోకి దిగిపోయిందన్నమాట."

"యెస్ అమ్మమ్మా, సేమ్ థింగ్!" అంది రియా సంబరంగా. "ఇది మార్కులు కాదు, జబ్బు కాదు, జస్ట్ పేరు. ఇప్పుడు చిన్న ఏజ్ కదా, ఇంట్లో ఉన్నప్పుడు రబ్బర్ బ్యాండ్స్‌తో లాగే ఫేస్ మాస్క్ పెట్టుకుంటే పై దవడని ముందుకి తేవచ్చు. బట్ ఒకటి చెప్పండి. మీ ఫ్యామిలీలో ఎవరికైనా ఇట్ల ఉందా? ఉంటే, ఆద్య టీనేజ్‌లో కింద దవడ ఇంకా పెరగవచ్చు. నేను ఇప్పుడే దానికి ప్లాన్ చేయాలి."

"లేదు" అన్నారు మొగుడూ పెళ్ళాలు ఒకేసారి. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ అంత చక్కగా ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

"రాధా, ఒక్క మాట..." అంది కృష్ణకుమారి.

"ఆగమ్మా, డాక్టరుగారు చెబుతున్నారు కదా."

"సోమవారం ఈవినింగ్ రండి" అంది రియా. "ఫ్యామిలీ ఫోటోలు, సైడ్ నుంచి తీసినవి, ఉంటే తీసుకురండి."

అడిగింది అంతే. ఉంటే తీసుకురండి అంది. చిలికి చిలికి గాలివాన కావడానికి మన ఇళ్ళలో అంతకంటే మజ్జిగ అక్కర్లేదు.

కారు పార్కింగులోంచి కదలకముందే మొదలైంది. "మా వైపు ఎవ్వరికీ లేదు" అంది రాధారాణి.

"అయితే మా వైపు ఉందనా?"

"నేననలేదు. మీరే అన్నారు."

"మా తాతల్నించీ అందరివీ బ్రహ్మాండమైన పళ్ళు. మా నాన్న చెరుకు గడలు పంటితో చీల్చేవాడు."

"మా వాళ్ళు మాత్రం బోసి నోళ్ళతో పుట్టారా?"

"అలా కాదు. ఎమోషన్ వద్దు. రూట్ కాజ్ కనుక్కుందాం" అన్నాడు శేషగిరి. ఆ మాట విన్నాక రాధారాణి కొబ్బరికాయ సంగతి కూడా ఎత్తలేదు. వెనక సీట్లో ఆద్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. చెయ్యి నోటి మీదే ఉంది.

ఇంటికి రాగానే పెళ్ళి ఆల్బం తీశారు. అందులో అందరూ ఎదురుగా నిలబడి, ఊపిరి బిగబట్టి కెమెరాని చూస్తున్నారు. పక్క నుంచి కనబడే మనిషి ఒక్కడూ లేడు. అప్పుడు శేషగిరికి పెళ్ళి వీడియో గుర్తొచ్చింది. మన పెళ్ళి వీడియోల్లో తాళి కట్టే ఘట్టం కంటే భోజనాల బంతి ఎక్కువసేపు ఉంటుంది. లైటు మొహం మీద వేసి, వరస మొదటి నుంచి చివరిదాకా, ఒక్కొక్కరు ముద్ద నోట్లో పెట్టుకోవడం పక్క నుంచి తీస్తారు. ఎందుకు తీస్తారో ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. శేషగిరికి తెలిసింది. టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో అతిథి దగ్గర వీడియో ఆపి, తెర మీద ఆద్య స్కేలు ఆనించి చూడసాగాడు.

"మా పెద్దమావయ్య లడ్డూ తింటుంటే దవడ కొలుస్తారేంటండీ!"

"కొలవడం లేదు. అబ్జర్వ్ చేస్తున్నాను. ఈ పసుపుచీర ఆవిడెవరు?"

"మా అత్తయ్య. పులిహోర నములుతోంది. నమిలేటప్పుడు దవడ ఎవరిదైనా ముందుకే వస్తుంది."

తన వైపు వాళ్ళ బంతి రాగానే శేషగిరి వీడియోని గబగబా ముందుకి తోసేశాడు. అది తెలిసిన విషయమేనని అతని నమ్మకం. పెళ్ళికొడుకు ఒకచోట చక్కగా పక్కకి తిరిగి కనిపించాడు. కానీ మొహం నిండా గడ్డం, నుదుట బాసికం, ముక్కుదాకా పూలదండ. అక్కడ చూడటానికేమీ లేదని దాన్నీ తోసేశాడు.

"ఆద్యా" అంది కృష్ణకుమారి వంటింటి గుమ్మంలోంచి, "పెళ్ళికొడుకు దగ్గర ఒకసారి ఆపమని చెప్పమ్మా."

కానీ చెప్పడానికి ఆద్య అక్కడ లేదు. ఎప్పుడు లేచి వెళ్ళిందో ఎవరూ చూడలేదు.

నములుతున్న నోళ్ళతో పని జరగదని తేలాక శేషగిరి ఫోను తీసి, అత్తవారి వైపు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. "అందరికీ నమస్కారం. అర్జెంట్. ప్రతి ఒక్కరూ పక్కకి తిరిగి, వెనక పళ్ళు బిగించి, పెదాలు విడదీసి ఒక ఫోటో పంపగలరు. క్లాస్ వన్నా, టూనా, త్రీనా తెలియాలి. కారణం తర్వాత చెబుతాను."

కొంప ముంచింది ఆ ఆఖరి వాక్యం. అమెరికాలో ఉన్నవాడు అర్జెంటుగా ఫోటో అడిగి, కారణం చెప్పకపోతే, తెలుగు కుటుంబాలకి తోచే కారణం ఒక్కటే. వీసా.

మొదట ఫోన్ చేసింది బావమరిది ఫణి. అమెరికాలోనే, శాన్ రామన్‌లో ఉంటాడు. ఇండియా వెళ్ళి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ చేయించుకోవాల్సిన రోజులు దగ్గర పడి, ఈ మధ్య గోడ మీద బల్లి పలికినా వీసా గురించే అనుకుంటున్నాడు.

"బావా, ఇది ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో ఉన్నదేరా. మనమే ఇప్పుడు చూసుకున్నాం" అన్నాడు శేషగిరి, ఒక కన్ను టీవీ మీద వేసి.

"క్లాస్ త్రీ అయితే డేంజరా?"

"డేంజర్ కాదు గానీ, టైం పడుతుంది. ఏళ్ళు పట్టచ్చు."

"ఏళ్ళా!" అన్న కేక, తర్వాత ఫోను కింద పడ్డ చప్పుడు వినిపించాయి. సిగ్నల్ పోయిందనుకుని శేషగిరి పెసరపప్పు చారు తినడానికి వెళ్ళాడు.

ఆదివారం పొద్దున పిస్కాటవే నుంచి రాజీవ్ అనే స్నేహితుడు ఒక మెసేజ్ పంపించాడు. చాలాసార్లు ఫార్వర్డ్ అయినట్టు పైన గుర్తు కూడా ఉంది. "కొత్త రూల్! స్టాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళు పక్కకి తిరిగి, వెనక పళ్ళు బిగించి, పెదాలు విడదీసిన ఫోటో తప్పనిసరి. క్లాస్ వన్ ఓకే. క్లాస్ టూ అయితే మళ్ళీ ఇంటర్వ్యూ. క్లాస్ త్రీ అయితే ఏళ్ళు పడుతుంది. మందుల కంపెనీలో పెద్ద పొజిషన్‌లో ఉన్న మనిషి కన్ఫర్మ్ చేశారు."

శేషగిరి ఫోను పట్టుకుని పెళ్ళాం దగ్గరికి పరిగెత్తాడు. "రాధా! చూశావా ఈ రూలు! మన ఆద్య క్లాస్ త్రీ కదా!"

"ఆద్య ఇక్కడే పుట్టింది కదండీ. దానికి వీసా ఏమిటి?"

"అవును కదా" అని ఊపిరి పీల్చుకుని మెసేజ్ మళ్ళీ చదివాడు. పెదాలు విడదీసి అన్న మాట దగ్గర కళ్ళు ఆగాయి. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. కాసేపటికి, మందుల కంపెనీలో పెద్ద పొజిషన్ ఎవరిదో కూడా అర్థమైంది. ఆఫీసులో ఎన్నేళ్ళు పనిచేసినా రాని పొజిషన్ ఒక్క రాత్రిలో వచ్చినందుకు సంతోషించే స్థితిలో అతను లేడు.

వెంటనే అన్ని గ్రూపుల్లోనూ సవరణ పెట్టాడు. అది అబద్ధమనీ, వీసాకీ పళ్ళకీ సంబంధం లేదనీ రాశాడు. సవరణలని నమ్మినవాడు లోకంలో ఎక్కడైనా ఉన్నాడా? "మీకు క్లాస్ వన్ వచ్చిందని మిగతావాళ్ళకి చెప్పరా?" అని ఒకాయన నిష్ఠూరమాడాడు. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ల మధ్య నడకకి వెళ్ళే జంటలు చెట్ల కింద ఆగి, ఒకరి నోరు ఒకరు ఫోటో తీసుకుంటున్నారు.

ఇదంతా ఆద్య వింటూనే ఉంది. గారెల పిండి రుబ్బుతున్న అమ్మమ్మ పక్కన చేరి అడిగింది. "అమ్మమ్మా, క్లాస్ త్రీ వాళ్ళని పంపించేస్తారా?"

"ఎవడే పంపించేది? పంపిస్తే నాతో వద్దువుగాని. నేనెలాగూ వెళ్ళేదాన్నేగా" అంది కృష్ణకుమారి, పిండి చేత్తోనే పిల్లని దగ్గరికి లాక్కుని. ఆవిడకి చాలా కోపం వచ్చింది. అల్లుడితో మాట్లాడేయాలన్నంత కోపం. హాల్లోకి రెండడుగులు వేసింది కూడా. అల్లుడుగారు సోఫాలో తల పట్టుకుని కూర్చోవడం చూసి, మర్యాద అడ్డొచ్చి వెనక్కి తిరిగింది.

సోమవారం సాయంత్రం వాళ్ళు వెళ్ళేసరికి రియా క్లినిక్‌లో కూర్చోడానికి కుర్చీ లేదు. ముందు గది నిండా మనవాళ్ళే. ఒకరికొకరు పక్కకి తిరిగి నిలబడి, పళ్ళు బిగించి చూపించుకుంటున్నారు. కౌంటర్ దగ్గరి అమెరికన్ అమ్మాయి బెదిరిపోయి చూస్తోంది. ఒక పెద్దమనిషి రియాని పక్కకి పిలిచి బతిమాలుతున్నాడు. "డాక్టరుగారూ, నాది టూ అంటున్నారు. మనలో మనం, కొంచెం వన్ అని రాసివ్వండి."

రియా శేషగిరిని చూడగానే అంది. "అంకుల్, ఎవ్రీబడీకి క్లాస్ వన్ సర్టిఫికెట్ ఎందుకు కావాలి?"

ఇక తప్పదు. శేషగిరి గొంతు సవరించుకుని, జరిగినదంతా అందరి ముందూ చెప్పాడు. రూలూ లేదు, గీలూ లేదన్నాడు. "మా అమ్మాయి దవడ ఎవరి వైపు నుంచి వచ్చిందో తెలుసుకుందామని, మా అత్తగారి వాళ్ళని ఫోటోలు అడిగాను. అంతే."

గదిలో అందరూ ఒక్కసారిగా ఆద్య వైపు తిరిగారు. ఒకావిడ "అయ్యో పాపం" అని నాలుక చప్పరించింది. ఆద్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చేతుల వెనక నుంచే, వచ్చీరాని తెలుగులో అంది.

"అమ్మ వైపు కాదు అని అమ్మ చెప్తుంది. నాన్న వైపు కాదు అని నాన్న చెప్తాడు. అయితే నాది ఎక్కడ నుంచి వచ్చింది? ఎవరికి వద్దా?"

సర్టిఫికెట్ కోసం వచ్చిన పెద్దమనిషి కూడా తల దించుకున్నాడు. శేషగిరి ఆద్య ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు రోజులుగా తను మూలం వెతుకుతున్నది చిట్లిన మాత్రకి కాదని, నవ్వడం మానేసిన కూతురికని అతనికి అప్పుడు తెలిసింది. రాధారాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా వైపు నుంచే వచ్చుంటుందిలేమ్మా" అంది చటుక్కున.

"కాదు, మా వైపు నుంచే" అన్నాడు శేషగిరి. శనివారం వద్దు వద్దని తోసుకున్న దవడ కోసం ఇప్పుడిద్దరూ పోట్లాడుకునేలా ఉన్నారు.

రియా వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. శేషగిరి ఫోను తీసుకుని అత్తవారి ఫోటోలు ఒక్కొక్కటీ జరిపింది. "క్లాస్ వన్ లాగ ఉంది. ఇది కూడా. ఇది టూ ఏమో. ఈ తాతగారికి పళ్ళు లేవు. వన్. వన్." ఆఖరికి తలెత్తింది. "అంకుల్, మీ ఫోటో ఏది?"

"నాదా? నేను అడిగేవాణ్ణి కదా."

"కూర్చోండి."

శేషగిరి అమెరికా వచ్చాక పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. పన్ను నొప్పి రాలేదు, వెళ్ళలేదు. రియా అతని బుగ్గ పక్కకి లాగి, "బైట్" అంది. కొరికాడు. ఆ అమ్మాయి మొహంలోకి నవ్వు పాకింది. "ఆద్యా, కమ్ హియర్" అని పిలిచి, నాన్న నోట్లోకి లైటు వేసి చూపించింది. వెనక కింది పెద్ద పన్ను ముందుకి జరిగి ఉంది. ముందు కింది పళ్ళు పై పళ్ళకి కొంచెం బయటే ఉన్నాయి.

"మిగతా అంతా గడ్డంలో దాచిపెట్టాడు మీ నాన్న" అంది రియా. "క్లాస్ త్రీ."

శేషగిరి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

"నాకు పెళ్ళినాడే తెలుసు" అంది కృష్ణకుమారి, గోడ మీది దంతాల బొమ్మతో. "బొబ్బట్టు మెడ వాల్చి పక్క పళ్ళతో కొరికారు. ఇప్పుడు గారె కూడా అంతే. పిల్లా అంతే."

"అమ్మా! మరి ఎందుకు చెప్పలేదు?"

"శనివారం నుంచి చెప్పనిచ్చావా? అయినా అల్లుడుగారి మొహం మీద దవడ మాట ఎలా ఎత్తుతానే? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతుకుతుంటే చూస్తూ ఊరుకున్నాను."

"నాక్కూడా మాస్క్ పెట్టేయండి డాక్టర్. ఇద్దరం కలిసి పెట్టుకుంటాం" అన్నాడు శేషగిరి.

"మీకు టూ లేట్ అంకుల్" అంది రియా. ఈసారి అంకుల్ అన్నా అతనికి నొప్పి కలగలేదు.

ఇంటికి రాగానే అతను బాత్రూంలో అద్దం ముందు నిలబడి గడ్డం గీసేసుకున్నాడు. కాలేజీ రోజుల నుంచి ఉన్న గడ్డం. ఆద్య గుమ్మంలో నిలబడి కళ్ళార్పకుండా చూసింది. నురగ కడిగేసి పక్కకి తిరిగాడు. పిల్ల దగ్గరికొచ్చి, వేలితో అతని దవడ అంచు మెల్లగా తడిమింది. తర్వాత అదే వేలితో తన దవడ తడుముకుంది.

"సేమ్" అంది.

"సేమ్. నీదే. కాదు, నాదే. నేనే నీకిచ్చాను" అన్నాడు శేషగిరి.

ఆద్య నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

రాధారాణి తలుపు దగ్గరికొచ్చి, మొగుడి మొహం మొదటిసారి పూర్తిగా చూసి, చుబుకం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "పెళ్ళిచూపులకి ఇలా వచ్చుంటే" అంది చివరికి.

"వచ్చుంటే?"

"అప్పుడూ ఒప్పుకునేదాన్నేలెండి. కొంచెం ఆలోచించి."

తండ్రీ కూతుళ్ళని పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరి చేతా పళ్ళు బిగింపించి ఒక ఫోటో తీసింది. గురువారం స్కూల్లో ఆద్య, కింది పళ్ళు ముందు కనబడేలా, పకపకా నవ్వి ఫోటో దిగింది. సాన్వి మళ్ళీ అడిగితే, అది మా నాన్నదని చెప్పిందట. ఆ సంతోషంలో రాధారాణి, తీసిన ఫోటోని తన వాళ్ళ గ్రూపులో పెట్టి, కింద "చివరికి దొరికింది" అని మాత్రం రాసింది. కారణం తర్వాత చెబుదామనుకుంది.

ఫణి ఆ ఫోటోలో బావ గడ్డం లేకపోవడం చూశాడు. మందుల కంపెనీలో పెద్ద పొజిషన్‌లో ఉన్న మనిషి, ఏళ్ళ తరబడి పెంచుకున్న గడ్డాన్ని ఉన్నట్టుండి ఎందుకు తీయించుకుంటాడు? స్టాంపింగ్‌కి గడ్డం ఉండకూడదేమోనని ఒక్కరికే, అదీ రహస్యంగా, రాశాడు.

ఆ పై సోమవారం ప్లెయిన్స్‌బరోలో మన మగవాళ్ళు చాలామంది నున్నటి మొహాలతో ఆఫీసులకి వెళ్ళారు. పక్క నుంచి చూస్తే, క్లాస్ త్రీలు బాగానే తేలారు.